బీరువాలో ఉప్పు

మా ఇంట్లో ఒకసారి ఉప్పు నాలుగు రోజులపాటు బీరువాలో, నా పెళ్లి పట్టుచీర పక్కన ఉంది. తాళంచెవి నా నడుముకు ఉంది. బంగారాన్ని బయట వదిలేసి ఉప్పుకు తాళం వేసే ఇల్లాలు గుంటూరు జిల్లా మొత్తంలో తనొక్కడికే దొరికిందని మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంటాడు. చెప్పుకోనివ్వండి. ఆ తాళం తీసిన రోజు గుర్తొస్తే నాకు ఈ వయసులో కూడా గంతులేయాలనిపిస్తుంది. ఏళ్లు గడిచినా సరే, వినేవాళ్లు దొరికితే చాలు, మొదటినుంచీ చెబుతాను.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. మాది గుంటూరుకు గంట దూరంలో ఉన్న ఊరు. పత్తి, మిరప తప్ప అక్కడ మూడో మాట వినపడదు. ఇంట్లో నలుగురం: నేను, మిరప వేసే మా ఆయన, ఆయన తల్లి, మా అమ్మాయి. అత్తయ్యకూ నాకూ గొంతు దగ్గర పోటీ. మేమిద్దరం మామూలుగా మాట్లాడుకుంటున్నా వీధిలో వెళ్లేవాళ్లు ఆగి, గొడవేమోనని లోపలికి తొంగి చూసేవాళ్లు.

పదో తరగతికి కిడ్నీ పాఠం చెప్పడంలో నన్ను మించినవాళ్లు మా మండలంలో లేరని నాకు గట్టి నమ్మకం. నెఫ్రాన్ బొమ్మ కళ్లు మూసుకుని వేసేస్తాను. ముందు రక్తాన్ని వడపోసే గుళిక, దాని వెనక మెలికలు తిరుగుతూ పోయే సన్నని నాళిక, ఆ నాళిక మధ్యలో తలపిన్నులా వంగిన చోటు. ఆ వంపును పుస్తకంలో శిక్యం అంటారు. "వడపోయడం సగం పనేరా! వడపోసిన దాంట్లోంచి ఒంటికి కావలసిన ఉప్పూ నీళ్లూ వెనక్కి లాక్కోవడం మిగతా సగం" అని సుద్దముక్కతో బోర్డును పొడిచి మరీ చెప్పేదాన్ని. పన్నెండేళ్లు చెప్పాను. పిల్లలు పరీక్షల్లో రాశారు, నాలుగు మార్కులకు నాలుగూ తెచ్చుకున్నారు. అదే పాఠం నా ఇంట్లో నా కళ్ల ముందు నడుస్తూ తిరుగుతుంటే మాత్రం పోల్చుకోలేకపోయాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని అత్తయ్య నన్ను ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడతో నేను వాదించను.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. రెండో తరగతి అప్పుడే అయిపోయింది. ఎత్తు మాత్రం టిక్కీ అంత. టిక్కీ అంటే ఎండుమిర్చి తొక్కి నింపి, మూతి కుట్టిన గోతం. మిరపకాయలు ఎండబెట్టే కల్లంలో వాటిని వరసగా నిలబెడతారు. నాలుగేళ్లప్పుడు దాన్ని టిక్కీ పక్కన నిలబెట్టి వాళ్ల నాన్న, "వచ్చే ఏడు దాటేస్తావే బుజ్జమ్మా" అన్నాడు. వచ్చే ఏడు దాటలేదు. ఆ పై ఏడూ దాటలేదు. దాని ఏడో ఏట ఆయన నిలబెట్టడం మానేశాడు. ఎందుకు మానేశావని నేనూ అడగలేదు.

ఎత్తు సంగతి అలా ఉంచితే, ఆ పిల్లకు నీళ్లంటే ప్రాణం. నిద్రలేస్తూనే చెంబుడు నీళ్లు తాగేది. బడిలో గంటకోసారి చిటికెన వేలు చూపించేది. పరుగెత్తితే పిక్కలు పట్టేసి రోడ్డు మీదే కూలబడేది. ఇంకో వింత ఏమిటంటే, పచ్చి మామిడికాయ ముక్క ఇస్తే దానికి అద్దిన ఉప్పూ కారమూ నాకేసి ముక్క పారేసేది. వంటింట్లో ఉప్పు డబ్బా మూత ఎప్పుడు చూసినా పక్కకు ఉండేది. పిల్లి అనుకున్నాను. పిల్లి ఉప్పెందుకు తింటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చెప్పాను కదా, టీచర్ని.

ఏప్రిల్ మొదట్లో మండలంలో డాక్టరుగారు మూత్రం పరీక్షలు చేయించి, "కిడ్నీకి సంబంధించిందేమోనని అనుమానంగా ఉందమ్మా. ఈ వారంలోనే గుంటూరులో పిల్లల కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి" అని ఉత్తరం రాసిచ్చారు. ఈ వారంలోనే అన్న మాటను ఆయన రెండుసార్లు అన్నారు. నాకేమో పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ డ్యూటీ పడింది. మా ఆయన కల్లంలో కాయ ఉంది, ఎప్పుడు వాన పడుతుందోనని ఆకాశం వంక చూస్తున్నాడు. ఇదిగో అదిగో అంటూ నెల దాటింది. అయితే ఆ నెల నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

కిడ్నీ అన్న మాట వినగానే నాకు మా నాన్న కనిపించాడు. మా పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో ఉంది. నా పెళ్లికి ముందు నాన్నకు రెండు కిడ్నీలూ చెడిపోతే మూడేళ్లు ఒంగోలు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాం. ఆ మూడేళ్లూ ఉప్పు లేని కూర, ఉప్పు లేని చారు నా చేత్తో వండి పెట్టాను. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన, "అమ్మా, ఒక్క ఆవకాయ బద్ద వేయవే, నాలిక చచ్చిపోయింది" అన్నాడు. వేయలేదు. నేను చేసింది తప్పు కాదు. కానీ ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు. కిడ్నీ అంటే ఉప్పు మానాలి, మనసు గట్టి చేసుకుని మాన్పించాలి అన్నది నా బుర్రలో అచ్చు గుద్దినట్టు పడిపోయింది. మా వైపు ఎవరిని అడిగినా అదే చెబుతారు, ఎందుకంటే మా వైపు ప్రతి వీధిలోనూ అలాంటి పథ్యం తిన్న మనిషి ఒకడు ఉన్నాడు.

ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు నేనే మా అమ్మాయికి ఉప్పు మాన్పించాను.

అన్నం పళ్లెం ముందు కూర్చుని ఆ పిల్ల ఏడ్చేది. నేను కరగలేదు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎద్దుకైనా దాణాలో గుప్పెడు ఉప్పేస్తాం గదే! పసిబిడ్డకి ఇట్టా చప్పిడి కూడు ఎట్టా పెడతన్నావే?" అనేది.

"అత్తయ్యా, మీకు తెలియదు, మీరు ఊరుకోండి. ఇది కిడ్నీ" అనేదాన్ని.

ఆవిడ ఊరుకునేది. అంత నోరున్న మనిషి అంత తేలిగ్గా ఊరుకుంటే నాకు అనుమానం రావాలి. రాలేదు.

మే నెల వచ్చింది. మాగాయ రోజులు. మాగాయ పెట్టడం మా ఇంట్లో పెద్ద తంతు. చెక్కు తీసి కోసిన మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి మూడు రోజులు జాడీలో ఉంచితే ముక్కల్లోంచి పుల్లటి ఉప్పునీరు దిగుతుంది. దాన్నే ఊట అంటారు. మూడో రోజు ముక్కలు పిండి డాబా మీద ఎండబెడతారు, ఊటను వెడల్పు గిన్నెలో పోసి పల్చటి గుడ్డ కట్టి పక్కనే ఎండలో పెడతారు. జాడీ అత్తయ్య పొన్నూరు దగ్గర తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ముక్కలు ఎవరైనా కోయవచ్చు, కానీ ఉప్పు మాత్రం ఆవిడ చేత్తోనే పడాలి. నలభై ఏళ్లుగా ఉప్పు కొలిచే ఆ చిన్న కొలపాత్ర, గిద్ద, ఇంకొకరి చేతికి వెళ్లలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి చేయి చాపితే, "నీది వేడి చెయ్యి, బూజు పట్టిద్ది" అని లాక్కుంది.

ఒకరోజు మధ్యాహ్నం బట్టలు తీద్దామని డాబా ఎక్కాను. నీళ్ల ట్యాంకు నీడలో మా అమ్మాయి గొంతుక్కూర్చుని స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది. అత్తయ్య గరిటెతో గిన్నెలోంచి ఊట తీసి అందులో పోస్తోంది. పిల్ల ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు బోర్లించి చివరి చుక్క కూడా నాలిక మీద వేసుకుని, "ఇంకొంచెం నాయనమ్మా" అంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి ఒంటికాలి మీద లేచాను.

"చంపేస్తారా దాన్ని? నెల రోజులుగా నేను పడుతున్న కష్టమంతా ఈ గిన్నెలో పోశారా?"

"నేను చంపటంలేదే, నువ్వే చంపతన్నావు! ఊట తాగిన రోజు లేడిపిల్లలాగా తిరుగుద్ది. తాగకపోతే గోడ పట్టుకుని నడుస్తది. కళ్లు లేవా నీకు?"

"నాకు చదువుంది!"

"అదే వచ్చింది తంటా!"

ఊళ్లో సగం మంది విన్నారు. ఆవిడ మొదటి రోజు నుంచీ దొంగచాటుగా పెడుతూనే ఉందట. చారులో, మజ్జిగలో, ఏమీ కుదరకపోతే అరచేతిలో నాలుగు ఉప్పురాళ్లు. నేను గిన్నెలో ఊట అక్కడే పారబోశాను. పక్కనే ఇంకా కొంచెం ఊట ఉన్న జాడీని కిందికి మోసుకొచ్చి నా గదిలో మంచం కిందికి తోసి తలుపేసుకున్నాను. ఆ విసురుకు జాడీ పింగాణీ మూత జారి నేల మీద పడి మూడు ముక్కలైంది. ముక్కలను న్యూస్ పేపర్లో చుట్టి బీరువా అడుగున పెట్టేశాను. వంటింట్లో ఉన్న ఉప్పంతా తెచ్చి బీరువాలో పై అరలో పెట్టి తాళం వేశాను. మా ఆయనా అత్తయ్యా కూడా ఆ నాలుగు రోజులు చప్పిడే తిన్నారు. మా ఆయన కల్లం దగ్గరే ఎక్కువ భోంచేశాడు.

ఐదో రోజు పొద్దున్న ఏడు గంటలకు మా అమ్మాయి మంచం మీద నుంచి, "అమ్మా, కాళ్లు రావట్లేదు" అంది.

గారాలు పోతోందనుకున్నాను. దుప్పటి తీసి నిలబెట్టబోతే కాళ్లు రెండూ తడిగుడ్డల్లా వాలిపోయాయి. చేతివేళ్లు దగ్గరికి ముడుచుకుని బిగుసుకుపోయాయి, నేను విప్పుదామన్నా విచ్చుకోలేదు. అది ఏడవలేదు, నా మొహంలోకి చూసింది. ఆ నిమిషంలో నా చదువు, నా పన్నెండేళ్ల పాఠం, బోర్డు మీద బొమ్మ, ఏదీ గుర్తు రాలేదు. ఇక నడవదేమో అన్న ఒక్క భయమే నిలిచింది. పక్కింటివాళ్ల కారు అడిగి నలుగురం ఎక్కేశాం. దారి పొడుగునా అత్తయ్య పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంటూరు వచ్చేదాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆసుపత్రిలో పిల్లల కిడ్నీ డాక్టరు చిన్న వయసావిడ. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు ఉంటుంది. రక్తం తీయించింది, గుండె పరీక్ష చేయించింది, చిన్నపిల్లల పట్టీ కట్టి బీపీ చూసింది. బీపీ తక్కువగా ఉందంది. కిడ్నీ జబ్బంటే బీపీ ఎక్కువ ఉండాలి కదా అనుకున్నాను. మా నాన్నకు అలాగే ఉండేది. అరగంటలో రక్తం కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని చూసి, నర్సుకు గబగబా ఏదో చెప్పి, నా వైపు తిరిగింది.

"పొటాషియం బాగా పడిపోయిందమ్మా. అందుకే కాళ్లు పట్టు తప్పాయి. సెలైన్‌లో మెల్లగా ఎక్కిస్తాం. పాప ఉప్పు బాగా తింటుందా?"

నేను వెన్ను నిటారుగా పెట్టి, "లేదండీ, నెల రోజులుగా నా చేత్తో ఒక్క ఉప్పుకల్లు కూడా వేయలేదు" అన్నాను. మార్కులు వేస్తుందనుకున్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. మా నాన్నకి డయాలసిస్ అప్పుడు ఉప్పు మాన్పించాం. కిడ్నీ అన్నారు కదా అని..."

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న అత్తయ్య ముందుకు వచ్చింది. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేను ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, మా కోడలికి మొన్నటిదాకా తెలవదు. నెల రోజులూ నేను పెడతానే ఉన్నా. చారులో వేసి పెట్టా, మాగాయ ఊట పోశా. దాని తప్పేం లేదు. పిల్లకేమన్నా అయితే పాపం నాది. నన్నేం చేసినా సరే."

"ఎప్పుడు ఆపారు మామ్మగారూ?"

"నాలుగు రోజులైంది. ఇది బీరువాలో పెట్టి తాళమేసింది."

"దేన్ని?"

"ఉప్పుని."

డాక్టరు నన్ను చూసింది, అత్తయ్యను చూసింది. తర్వాత లేచి వచ్చి అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు పెట్టబట్టే ఈ పాప ఇన్నాళ్లు నడిచింది మామ్మగారూ. లేకపోతే చాలా ముందే, ఇంతకన్నా బాగా చెడిపోయి వచ్చి ఉండేది."

అత్తయ్య అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. డాక్టరు ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీస్తోంది. గుళిక. మెలికల నాళిక. తలపిన్నులా వంపు. అది నా బొమ్మ!

"వడపోత బాగానే ఉందమ్మా. వడపోసిన ఉప్పును ఇక్కడ, ఈ వంపు దగ్గర వెనక్కి తీసుకోవాలి కదా..."

"తీసుకోవడం లేదు!" అని అరిచాను. నర్సు వెనక్కి తిరిగి చూసింది. "అక్కడ ఉప్పు కారిపోతోంది! ఉప్పుతో పాటు నీళ్లు పోతాయి, కిందికి వెళ్లాక పొటాషియం కూడా పోతుంది! అందుకే దాహం, అందుకే ఎదగలేదు, అందుకే ఉప్పు డబ్బా మూత..."

"మీరు టీచరా?" అంది ఆవిడ.

"బయాలజీ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మీ నాన్నగారి కిడ్నీలు ఉప్పును బయటికి పంపలేకపోయి ఉంటాయి. ఈ పాప కిడ్నీలు లోపల ఉంచుకోలేకపోతున్నాయి. పుట్టుకతో వచ్చిన తేడా. పూర్తిగా పోదు. కానీ ఉప్పు, పొటాషియం మందు, ఇంకో బిళ్ల నేను చెప్పిన కొలతలో రోజూ ఇస్తే నడుస్తుంది, పరుగెత్తుతుంది. ఎత్తు కూడా పెరగాలి. ఆ సంగతి మాత్రం ఒక ఏడాది చూస్తేగానీ చెప్పలేను." తర్వాత అత్తయ్య వైపు వేలు చూపించి, "అలాగని ఊళ్లో కిడ్నీ ఉన్నవాళ్లందరికీ ఊట పోయకండి మామ్మగారూ! వాళ్లకి అది విషం" అంది.

మర్నాడు పొద్దున్న పది గంటలకు మా అమ్మాయి మంచం దిగి నిలబడింది. ఎవరూ పట్టుకోలేదు. కిటికీ దాకా నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, "అమ్మా, ఉప్మాలో ఉప్పు లేదు" అంది. నేను చెప్పుల్లేకుండా రెండంతస్తుల మెట్లు దిగి క్యాంటీన్‌కు పరుగెత్తాను. వంటాయన దగ్గర కాగితం పొట్లంలో ఉప్పు తీసుకుని మళ్లీ పరుగెత్తుకొచ్చాను. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, పొట్లం గుండెలకు హత్తుకుని పరుగెత్తుతున్న నన్ను చూసి జనం పక్కకు తప్పుకున్నారు. డాక్టరు చెప్పినంత కొలిచి ఉప్మాలో కలిపాను. అది తిన్నది. పళ్లెం నాకింది. పెళ్లిలో విస్తరి ముందు కూడా నాకు అంత ఆనందం కలగలేదు, నిజం చెబుతున్నాను.

ఇంటికి రాగానే ముందు బీరువా తాళం తీశాను. ఉప్పు చెమర్చి పట్టుచీర అంచు మీద తెల్లటి మరక పడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. జాడీ మంచం కింది నుంచి తీసిచ్చాను. "మూతేదే?" అంది అత్తయ్య. "ఎక్కడో పడి ఉంటుంది, వెతుకుతాను" అన్నాను. ఆవిడ స్టీలు పళ్లెం మూత పెట్టి, పైన గుడ్డ కట్టుకుంది.

ఆ తర్వాతి ఏడాది మా ఇల్లు ఎలా ఉందో చెప్పాలంటే మీకు మిర్చి యార్డు చూసిన అనుభవం ఉండాలి. రక్తపరీక్ష చేయించిన రోజు ఊరంతటికీ మిర్చి రేటుతో పాటు మా అమ్మాయి పొటాషియం కూడా కావాలి. కల్లంలో కాయ ఏరే ఆడవాళ్లు, "ఏంది టీచరమ్మా, ఇయ్యాల ఎంత వచ్చింది?" అని అడిగేవాళ్లు. అది మూడున్నర పైన ఉండాలట. మొదటిసారి మూడు దాటిన రోజు ల్యాబు గుమ్మంలోంచే మా ఆయనకు ఫోన్ చేసి, "మూడు దాటింది!" అని అరిచాను. ఆయన అటువైపు కల్లంలో అదే మాట అరిచాడు. ఆ వెనక ఎవరో ఈల వేయడం నాకు ఫోన్లో వినపడింది.

అందరూ అలా లేరు. "కిడ్నీ పిల్లకి ఉప్పా? తల్లివా రాక్షసివా?" అని మొహం మీదే అన్న పెద్దవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు నేనూ అనేదాన్నే కాబట్టి వాళ్ల మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. అయినా తెచ్చుకున్నాను. అరుగుల మీద కూర్చోబెట్టి నెఫ్రాన్ బొమ్మ వేసి చూపించాను. పొటాషియం మందు మహా చేదు. రోజూ మూడుసార్లు దాన్ని తాగించడం యుద్ధం. మందు అవగానే నాయనమ్మ అరచేతిలో మాగాయ ముక్క సిద్ధంగా ఉండేది. ఆ ఉప్పు కూడా రోజు కొలతలో పడాలని నేను, పడేస్తున్నాలే అని ఆవిడ. మా గొంతులు మళ్లీ వీధిలోకి వినపడడం మొదలైంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది కాబట్టి కొబ్బరి బొండాల సైకిలతను మా ఇంటి ముందు బెల్లు కొట్టకుండా పోయేవాడు కాదు.

కానీ ఎత్తు? అదొక్కటే అడుగు వేసినప్పుడల్లా ముల్లులా గుచ్చేది. నేను కొలవలేదు. కొలిస్తే పెరగదేమోనని పిచ్చి భయం. సైన్సు టీచర్ని, అయినా భయం. గౌన్లు పొట్టివవుతున్నాయని అత్తయ్య అంటే, ఉతుకులకు బట్ట కుంచించుకుపోయిందని కసిరాను. ఆశ పెట్టుకోవడానికి కూడా ధైర్యం కావాలి.

మార్చి వచ్చింది. కల్లం నిండా ఎర్రటి కాయ, ఒకవైపు కొత్తగా కుట్టిన టిక్కీల వరస. ఆ రోజు ఆదివారం. మేమంతా మూతికి గుడ్డ కట్టుకుని తుమ్ముకుంటూ అక్కడే ఉన్నాం. మా అమ్మాయి టిక్కీల వెనక దాగుడుమూతలు ఆడుతోంది. మా ఆయన కుట్టుసూది చేత్తో పట్టుకుని ఉన్నట్టుండి ఆగిపోయాడు. నా వైపు కూడా చూడలేదు.

"బుజ్జమ్మా, అక్కడే ఉండు. కదలకు."

టిక్కీల వెనక నుంచి రెండు కళ్లు మమ్మల్ని చూస్తున్నాయి. నుదురు, కనుబొమలు, కళ్లు. టిక్కీ పైన!

"మునివేళ్ల మీద నిలబడ్డావా?" అని అడిగాను.

"లేదమ్మా, మామూలుగానే."

నమ్మలేదు. వెళ్లి వంగి దాని కాళ్లు చూశాను. మడమలు రెండూ నేలకే ఉన్నాయి. ఆ దుమ్ములోనే కూర్చుండిపోయాను. అత్తయ్యకు అప్పటికే చూపు మసకేసింది. తడుముకుంటూ వచ్చి, టిక్కీ పైన అరచెయ్యి ఆనించి మెల్లగా ముందుకు జరిపింది. చెయ్యి పోయి మనవరాలి ముక్కుకు తగిలింది.

"తగిలిందే! తగిలిందే అమ్మాయ్!" అని ఆవిడ వేసిన కేక పొలిమేర దాకా వినపడి ఉంటుంది. కాయ ఏరేవాళ్లంతా లేచి వచ్చారు. ఒక్కొక్కరూ చెయ్యి ఆనించి చూడాలన్నారు. మా అమ్మాయి మొహమంతా కారం అంటుకుని మండి అది ఏడుస్తుంటే మేం నవ్వుతున్నాం, నవ్వుతూ మేమూ ఏడుస్తున్నాం. కారం వల్లేనని మా ఆయన అన్నాడు. ఆయన కళ్లే అందరికన్నా ఎర్రగా ఉన్నాయి.

ఆ ఊపులో నాకు మనసు ఆగలేదు. అత్తయ్యను పక్కకు తీసుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "అత్తయ్యా, మూత పోలేదు. ఆ రోజు కోపంలో నేనే పగలగొట్టాను. మీరు చెప్పింది వినకుండా బిడ్డను..."

ఆవిడ మూతిగుడ్డ కిందికి లాగింది. "తెలుసులేవే. బీరువా అడుగున పేపరు పొట్లం. పోయిన శ్రావణంలోనే చూశా. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తన్నా."

"తిట్టండి."

"ఇప్పుడు తిట్టి ఏం లాభం?" అని ఆవిడ మూతిగుడ్డ మళ్లీ కట్టుకుంది. "ఈ ఏడు మాగాయకి ఉప్పు నువ్వే వెయ్యి."

మే నెలలో మూత కోసం గుంటూరు బజారంతా తిరిగాను. మూత ఒక్కటే అమ్మరట. కొత్త జాడీ కొనుక్కొచ్చాను. డాబా మెట్ల దగ్గర ముక్కలు రాశి పోసి, పసుపు వేసి, అత్తయ్య గిద్ద తీసి నా చేతిలో పెట్టింది. మా నాన్న పళ్లెంలో ఆవకాయ బద్ద వేయని చెయ్యి, బీరువాకు తాళం వేసిన చెయ్యి అదే. గిద్ద తర్వాత గిద్ద లెక్కపెట్టుకుంటూ వేసి, కలిపి, జాడీకెత్తాను. అత్తయ్య ఒక్క మాట కూడా సాయం చెప్పలేదు.

మూడో రోజు ఊట దిగింది. ఆవిడ గరిటెతో కొంచెం తీసి, రుచి తను చూడకుండా మనవరాలికి అందించింది. అది కళ్లు మూసుకుని నాలిక మీద వేసుకుంది. పెద్ద మనిషిలా చప్పరించింది.

"ఉప్పు చాలలేదమ్మా" అంది.

ఇంకో గిద్దెడు వేశాను.